పారావ్యూ

పారావ్యూ అనేది శాస్త్రీయ దత్తాంశాలను త్రిమితీయ చిత్రాలుగా, చలనచిత్రాలుగా, రేఖాచిత్రాలుగా చూపించే స్వేచ్ఛా సాఫ్టువేరు. వాతావరణ నమూనాలు, ద్రవ ప్రవాహ గణనలు, యంత్ర భాగాలపై ఒత్తిడి లెక్కలు, వైద్య స్కానులు వంటి వాటి నుండి వెలువడే సంఖ్యా సమూహాలను పరిశీలించడానికి దీనిని ఉపయోగిస్తారు. ఇది బీఎస్‌డీ లైసెన్సు కింద మూలసంకేతంతో సహా ఉచితంగా లభిస్తుంది. విండోస్, లినక్స్, మ్యాక్‌ఓఎస్ నిర్వహణ వ్యవస్థలపై పనిచేస్తుంది. వ్యక్తిగత కంప్యూటరు మొదలుకొని వేలాది ప్రాసెసర్లున్న సూపర్ కంప్యూటరు వరకు ఒకే సాఫ్టువేరుగా పనిచేయడం దీని ముఖ్య లక్షణం.

పారావ్యూ స్వయంగా దత్తాంశాన్ని తయారు చేయదు. వేరొక ప్రోగ్రాము లెక్కించిన, లేదా ఒక పరికరం కొలిచిన విలువలను చదివి, వాడుకరి కోరిన విధంగా చిత్రిస్తుంది. ఏ భాగాన్ని చూపాలి, ఏ విలువకు ఏ రంగు వేయాలి, ఏ హద్దు వద్ద ఉపరితలం గీయాలి అన్నవి వాడుకరి నిర్ణయాలు. వాడుకరి నిర్ణయించకపోతే సాఫ్టువేరు తన అప్రమేయ విలువలతో నిర్ణయిస్తుంది. అందువలన పారావ్యూను నేర్చుకోవడమంటే మెనూలను తెలుసుకోవడంతో పాటు, తెరపై కనిపించే ప్రతి చిత్రం వెనుక ఉన్న నిర్ణయాలను గుర్తించడం కూడా.

చరిత్ర

కంప్యూటరు గణనల ఫలితాలను చిత్రరూపంలో పరిశీలించడం ప్రత్యేక అధ్యయన రంగంగా రూపొందడానికి 1987లో అమెరికా జాతీయ విజ్ఞాన ఫౌండేషను కోసం మెకార్మిక్, డిఫాంటి, బ్రౌన్ సంకలనం చేసిన నివేదిక తోడ్పడింది. సూపర్ కంప్యూటర్లు వెలువరిస్తున్న సంఖ్యలను మనుషులు చదివి అర్థం చేసుకోవడం అసాధ్యమనీ, వాటిని చూసే పద్ధతులు కావాలనీ ఆ నివేదిక వాదించింది. అదే సంవత్సరం జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకులు విలియం లోరెన్‌సెన్, హార్వే క్లైన్ మార్చింగ్ క్యూబ్స్ అనే పద్ధతిని ప్రచురించారు. ఘనపరిమాణ దత్తాంశం నుండి సమాన విలువలు గల ఉపరితలాన్ని త్రిభుజాలుగా రాబట్టే ఈ పద్ధతి ఈనాటికీ ఈ రంగానికి పునాదిగా ఉంది.

1993లో విల్ ష్రోడర్, కెన్ మార్టిన్, లోరెన్‌సెన్ కలిసి తాము రాస్తున్న పుస్తకానికి అనుబంధంగా వీటీకే అనే ప్రోగ్రాముల గ్రంథాలయాన్ని విడుదల చేశారు. 1998లో కిట్‌వేర్ అనే సంస్థ ఏర్పడి వీటీకే అభివృద్ధిని కొనసాగించింది. వీటీకేను ఉపయోగించాలంటే ప్రోగ్రాము రాయవలసి ఉంటుంది. ప్రోగ్రాము రాయకుండానే దాని శక్తిని అందించే ఉద్దేశంతో 2000లో కిట్‌వేర్, లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాల కలిసి అమెరికా ఇంధన శాఖ నిధులతో పారావ్యూ నిర్మాణాన్ని ప్రారంభించాయి. తొలి బహిరంగ విడుదల 0.6 అక్టోబరు 2002లో వెలువడింది. 2005లో కిట్‌వేర్, శాండియా జాతీయ ప్రయోగశాలలు తదితరులు కలిసి వాడుకరి అంతర్ముఖాన్ని తిరిగి రాయడం మొదలుపెట్టారు. ఆ ఫలితమైన 3.0 మే 2007లో వచ్చింది. తరువాత 4.0 2013లోను, 5.0 2016లోను విడుదలయ్యాయి.

దత్తాంశ స్వరూపం

పారావ్యూలో దత్తాంశానికి రెండు అంశాలుంటాయి. మొదటిది జాలకం, అనగా విలువలు ఏయే చోట్ల ఉన్నాయో తెలిపే బిందువులు, వాటిని కలిపే గడులు. రెండవది ఆ చోట్ల ఉన్న విలువలు. ఉష్ణోగ్రత, పీడనం వంటివి అదిశ రాశులు, అనగా చోటుకొక సంఖ్య. గాలి వేగం వంటివి సదిశ రాశులు, అనగా చోటుకు మూడు అంశాలు.

జాలకాలలో ముఖ్యమైనవి ఇవి:

* క్రమ జాలకం: సమాన దూరాలలో బిందువులు గలది. వైద్య స్కానులు దీనికి ఉదాహరణ. మొదటి బిందువు, ఎడం, బిందువుల సంఖ్య తెలిస్తే చాలు, ప్రతి బిందువు స్థానాన్ని విడిగా నిలవ చేయనవసరం లేదు.
* వక్ర జాలకం: వరుసలు క్రమంగానే ఉన్నా వస్తువు ఆకారాన్ని అనుసరించి వంగినది. ప్రతి బిందువు స్థానాన్ని నిలవ చేయాలి.
* అక్రమ జాలకం: గడులు ఏ ఆకారంలోనైనా, ఏ క్రమంలోనైనా ఉండగలది. స్థానాలతో పాటు ఏ గడికి ఏ బిందువులు మూలలో కూడా నిలవ చేయాలి.
* బహుభుజి దత్తాంశం: ఉపరితలాలు, రేఖలు, బిందువులు మాత్రమే ఉన్నది.
* పట్టిక: అడ్డు, నిలువు వరుసలలో ఉన్న సంఖ్యలు.

విలువలు బిందువులకు చెందవచ్చు, గడులకూ చెందవచ్చు. ఈ భేదం చిత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది. బిందువుల విలువలైతే పారావ్యూ వాటి మధ్య అంతర్వేశనం చేసి రంగులను నునుపుగా కలుపుతుంది. గడుల విలువలైతే గడి మొత్తానికి ఒకే రంగు వేస్తుంది కనుక చిత్రం గళ్ళుగళ్ళుగా ఉంటుంది. గడుల విలువలను బిందువులకు మార్చే సౌకర్యం ఉన్నది కానీ, ఆ మార్పు పక్కపక్క గడుల సరాసరి తీస్తుంది. అందువలన చిత్రం అందంగా మారినా, ఒకే గడిలో ఉన్న తీవ్ర విలువ మెత్తబడుతుంది.

వీటీకే సొంత రూపాలతో పాటు నెట్‌సీడీఎఫ్, ఎక్సోడస్, ఎన్‌సైట్, సీజీఎన్‌ఎస్, ఓపెన్‌ఫోమ్, ఎస్‌టీఎల్ వంటి అనేక ఫైలు రూపాలను పారావ్యూ చదువుతుంది. కామాలతో వేరుచేసిన సీఎస్‌వీ ఫైలును కూడా తెరవవచ్చు. అది ముందుగా పట్టికగానే కనిపిస్తుంది. ఏ నిలువు వరుసలు ఎక్స్, వై, జడ్ నిరూపకాలో టేబుల్ టు పాయింట్స్ అనే వడపోత ద్వారా తెలిపిన తరువాతే బిందువులుగా చిత్రించబడుతుంది.

పనిచేసే విధానం

పారావ్యూలో పని అంతా ఒక గొలుసుగా సాగుతుంది. గొలుసు మొదట మూలం ఉంటుంది. అది ఒక ఫైలు కావచ్చు, పారావ్యూ తయారు చేసే నమూనా ఆకారం కావచ్చు. దానికి వడపోతలను ఒకదాని తరువాత ఒకటి తగిలిస్తారు. ప్రతి వడపోత తనకు వచ్చిన దత్తాంశాన్ని మార్చకుండా, దాని నుండి కొత్త దత్తాంశాన్ని తయారు చేస్తుంది. మూలం ఎప్పటికీ చెక్కుచెదరదు. ఒకే మూలం నుండి పలు శాఖలు తీయవచ్చు.

తెరపై నాలుగు భాగాలను గుర్తుంచుకుంటే చాలు. పైప్‌లైన్ బ్రౌజరు ఈ గొలుసును చూపుతుంది. అందులో ప్రతి పేరు పక్కన ఉన్న కన్ను గుర్తును నొక్కి ఆ దశను కనిపించేలా లేదా మరుగయ్యేలా చేయవచ్చు. ప్రాపర్టీస్ పట్టీలో ఎన్నుకున్న దశకు చెందిన అమరికలుంటాయి. ఇన్ఫర్మేషన్ పట్టీ బిందువుల సంఖ్య, గడుల సంఖ్య, విలువల వ్యాప్తి, జ్ఞాపకశక్తి వాడకం తెలుపుతుంది. మిగిలిన పెద్ద భాగం చిత్రం కనిపించే దృశ్య గవాక్షం. అందులో మౌసు ఎడమ మీటతో చిత్రాన్ని తిప్పవచ్చు, నడిమి మీటతో జరపవచ్చు, కుడి మీటతో దగ్గరకు, దూరానికి తీసుకుపోవచ్చు.

కొత్తవారికి మొదట తికమక కలిగించేది అప్లై బొత్తం. ఫైలును తెరిచినా, అమరికను మార్చినా, ఈ బొత్తం నొక్కే వరకు ఏమీ జరగదు. పెద్ద దత్తాంశాలపై ఒక్కొక్క గణనకు నిమిషాలు పట్టవచ్చు కనుక, అమరికలన్నీ పూర్తయిన తరువాత ఒకేసారి లెక్కించడానికి ఈ ఏర్పాటు చేశారు. చిన్న దత్తాంశాలకు ఇది తనంతట తాను జరిగేలా కూడా అమర్చుకోవచ్చు.

ప్రారంభ అభ్యాసం

ఏ ఫైలూ లేకుండానే అభ్యసించడానికి పారావ్యూలో వేవ్‌లెట్ అనే మూలం ఉన్నది. దీనితో ఒక చిన్న అభ్యాసాన్ని ఈ క్రింది విధంగా చేయవచ్చు.

1. సోర్సెస్ మెనూలో వేవ్‌లెట్‌ను ఎన్నుకొని అప్లై నొక్కాలి. తెరపై ఒక ఘనం అంచులు మాత్రమే కనిపిస్తాయి. దత్తాంశం లేకపోవడం వలన కాదు, క్రమ జాలకాన్ని అప్రమేయంగా అంచులతోనే చూపడం వలన ఇలా జరుగుతుంది.

2. ఇన్ఫర్మేషన్ పట్టీని చూడాలి. మూడు దిశలలోనూ -10 నుండి 10 వరకు, అనగా దిశకు 21 చొప్పున మొత్తం 9,261 బిందువులు, 8,000 గడులు ఉంటాయి. ఆర్‌టీడేటా అనే అదిశ రాశి విలువలు సుమారు 37.35 నుండి 276.83 వరకు ఉంటాయి. చిత్రాన్ని చూడకముందే ఈ సంఖ్యలను చూడడం మంచి అలవాటు.

3. రిప్రజెంటేషన్ వద్ద సర్ఫేస్‌ను, కలరింగ్ వద్ద ఆర్‌టీడేటాను ఎన్నుకోవాలి. ఘనం ఆరు ముఖాలపై రంగులు కనిపిస్తాయి. లోపల ఏముందో ఇంకా తెలియదు.

4. ఫిల్టర్స్ మెనూ నుండి స్లైస్‌ను ఎన్నుకొని అప్లై నొక్కాలి. ఒక సమతలంతో ఘనాన్ని కోసి, ఆ కోత ముఖంపై విలువలను చూపుతుంది. మధ్యభాగంలో విలువలు ఎక్కువగానూ, అంచుల వైపు తక్కువగానూ ఉండడం, వాటిపై అలల వంటి హెచ్చుతగ్గులు ఉండడం ఇప్పుడు కనిపిస్తుంది.

5. పైప్‌లైన్ బ్రౌజరులో తిరిగి వేవ్‌లెట్‌ను ఎన్నుకొని కాంటూర్ వడపోతను తగిలించాలి. ఇక్కడ వేవ్‌లెట్‌ను ఎన్నుకోకపోతే, కాంటూర్ స్లైస్‌కు తగులుకొని ఉపరితలానికి బదులు గీతలను ఇస్తుంది. భూగోళ పటాలలో ఒకే ఎత్తు గల చోట్లను కలిపే సమోన్నత రేఖలకు ఇది త్రిమితీయ రూపం. ఒకే విలువ గల చోట్లన్నిటినీ కలుపుతూ ఉపరితలాన్ని గీస్తుంది.

6. కాంటూర్ అమరికలలో అప్రమేయంగా సుమారు 157.09 అనే విలువ ఉంటుంది. దానిని 200కు, తరువాత 100కు మార్చి ప్రతిసారి అప్లై నొక్కాలి. ఉపరితలం ఆకారం పూర్తిగా మారిపోతుంది.

ఆరవ మెట్టు ఈ అభ్యాసానికి సారం. 157.09 అనే సంఖ్యకు భౌతిక అర్థం ఏదీ లేదు. అది కనిష్ఠ, గరిష్ఠ విలువల సగటు మాత్రమే. సాఫ్టువేరుకు వాడుకరి ఉద్దేశం తెలియదు కనుక మధ్య విలువను తీసుకున్నది. ఇదే దత్తాంశం ఒక ఎముక స్కాను అయితే, ఉపరితలం గీసే విలువను కొద్దిగా మార్చినా పలుచని ఎముకలో రంధ్రం ఉన్నట్లు కనిపించవచ్చు, ఉన్న రంధ్రం మూసుకుపోయినట్లూ కనిపించవచ్చు. కావున ఉపరితల చిత్రాన్ని ప్రచురించేటప్పుడు ఏ విలువ వద్ద గీశారో తెలపడం అవసరం.

ముఖ్యమైన వడపోతలు

* స్లైస్: సమతలంతో కోసి ఆ కోత ముఖాన్ని చూపుతుంది.
* క్లిప్: సమతలానికి ఒకవైపు ఉన్న భాగాన్ని తొలగించి మిగతా ఘనాన్ని ఉంచుతుంది.
* థ్రెషోల్డ్: పేర్కొన్న హద్దుల మధ్య విలువలు గల గడులను మాత్రమే ఉంచుతుంది.
* కాంటూర్: సమాన విలువల ఉపరితలాన్ని లేదా రేఖలను గీస్తుంది.
* గ్లిఫ్: సదిశ రాశులను బాణాలుగా చూపుతుంది.
* స్ట్రీమ్ ట్రేసర్: ప్రవాహంలో వదిలిన కణం పోయే దారి వలె ప్రవాహ రేఖలను గీస్తుంది.
* క్యాల్క్యులేటర్: ఉన్న రాశుల నుండి సూత్రం ద్వారా కొత్త రాశిని లెక్కిస్తుంది.
* ప్లాట్ ఓవర్ లైన్: ఒక సరళరేఖ వెంబడి విలువలను రేఖాచిత్రంగా గీస్తుంది.

ప్రవాహ రేఖలు ఎక్కడ బయలుదేరాలో వాడుకరి నిర్ణయిస్తాడు. సుడిగుండం ఉన్న చోటికి ఏ రేఖా చేరకపోతే ఆ సుడిగుండం చిత్రంలో ఉండదు. కాబట్టి బయలుదేరే చోట్లను మార్చి మార్చి చూడకుండా ప్రవాహంలో సుడులు లేవని నిర్ణయించరాదు. అదే విధంగా, ప్లాట్ ఓవర్ లైన్‌లో వేయి చోట్ల విలువలు కోరినా, వేవ్‌లెట్ జాలకంలో ఒక్కొక్క దిశలో ఉన్న బిందువులు 21 మాత్రమే. మిగిలినవన్నీ అంతర్వేశనం వలన వచ్చినవి. రేఖ నునుపుగా ఉండడం దత్తాంశం సూక్ష్మంగా ఉన్నదనడానికి నిదర్శనం కాదు.

రంగుల ఎంపిక

విలువలను రంగులకు జోడించే పట్టికను వర్ణపటం అంటారు. నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల ఇంద్రధనుస్సు వర్ణపటం చాలాకాలం పాటు అనేక సాఫ్టువేరులలో అప్రమేయంగా ఉండేది. దీనిలో పలు లోపాలున్నాయి. పసుపు పట్టీ మిగిలిన రంగుల కంటే కాంతివంతంగా ఉండడం వలన దత్తాంశంలో లేని అంచు ఉన్నట్లు కన్ను భ్రమిస్తుంది. ఆకుపచ్చ భాగంలో విలువ మారుతున్నా రంగు భేదం సరిగా తెలియదు. ఎరుపు, ఆకుపచ్చల భేదం గుర్తించలేని వారికి చిత్రం అర్థం కాదు. నలుపు తెలుపులలో ముద్రిస్తే ఎక్కువ తక్కువల క్రమం పోతుంది.

ఈ సమస్య కేవలం అందానికి సంబంధించినది కాదని 2011లో మిషెల్ బోర్కిన్, ఆమె సహచరులు ప్రచురించిన అధ్యయనం చూపింది. గుండె ధమనుల గోడలపై రక్తప్రవాహ ఒత్తిడి తక్కువగా ఉండే ప్రమాదకర ప్రాంతాలను గుర్తించమని వైద్య విద్యార్థులను కోరారు. ఇంద్రధనుస్సు రంగులతో త్రిమితీయ చిత్రం ఇచ్చినప్పుడు వారు అటువంటి ప్రాంతాలలో 39 శాతాన్ని మాత్రమే గుర్తించారు. అవే రంగులతో ద్విమితీయ పటం ఇచ్చినప్పుడు 62 శాతం, ద్విమితీయ పటంలో తగిన వర్ణపటాన్ని కూడా వాడినప్పుడు 91 శాతం గుర్తించారు. ఆ ప్రయోగం పారావ్యూతో చేసినది కాకపోయినా, దాని పాఠం ఇటువంటి ప్రతి సాఫ్టువేరుకూ వర్తిస్తుంది. దత్తాంశం మారలేదు. చూపిన తీరు మాత్రమే మారింది.

2009లో శాండియా ప్రయోగశాలలకు చెందిన కెనెత్ మోర్‌లాండ్ నీలం నుండి లేత బూడిద రంగు మీదుగా ఎరుపుకు మారే కూల్ టు వార్మ్ వర్ణపటాన్ని వివరించాడు. పారావ్యూలో ఇది చాలా విడుదలలలో అప్రమేయంగా ఉండేది. తరువాతి విడుదలలలో ఫాస్ట్ అనే వర్ణపటం ఆ స్థానంలోకి వచ్చింది. మధ్యలో తటస్థ రంగు ఉండే వర్ణపటాలు సున్నా వంటి అర్థవంతమైన మధ్య విలువ ఉన్న రాశులకు బాగా తగుతాయి. తక్కువ నుండి ఎక్కువకు ఒకే దిశలో సాగే రాశులకు విరిడిస్ వంటి, కాంతి క్రమంగా పెరిగే వర్ణపటం తగినది.

రంగుల వ్యాప్తి విషయంలోనూ జాగ్రత్త అవసరం. పారావ్యూ సాధారణంగా తన ముందున్న దత్తాంశపు కనిష్ఠ, గరిష్ఠ విలువలకు రంగులను సరిపెడుతుంది. రెండు వేర్వేరు రోజుల ఉష్ణోగ్రతలను రెండు చిత్రాలుగా విడివిడిగా తీస్తే, ఒకదానిలో ఎరుపు 30 డిగ్రీలనూ, మరొకదానిలో 42 డిగ్రీలనూ సూచించవచ్చు. రెండు చిత్రాలు ఒకేలా కనిపించినా విషయం వేరు. పోల్చదలచిన చిత్రాలన్నిటికీ వ్యాప్తిని చేతితో ఒకే విధంగా నిర్ణయించి, పక్కన రంగుల కొలబద్దను ఉంచాలి. కాలంతో మారే దత్తాంశాలలో అన్ని కాల దశలకూ కలిపి వ్యాప్తిని లెక్కించే సౌకర్యం కూడా ఉన్నది.

పెద్ద దత్తాంశాలు

జ్ఞాపకశక్తి చాలక సాఫ్టువేరు ఆగిపోవడం తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. దీనికి దత్తాంశం పరిమాణం కంటే వడపోత ఎంపిక కారణం కావచ్చు. దిశకు వేయి బిందువులు గల క్రమ జాలకంలో మొత్తం 100 కోట్ల బిందువులుంటాయి. బిందువుకు 4 బైట్ల చొప్పున ఒక రాశిని నిలవ చేయడానికి 4 గిగాబైట్లు చాలు. దీనిపై క్లిప్ ప్రయోగిస్తే ఫలితం అక్రమ జాలకంగా మారుతుంది. అప్పుడు ప్రతి గడికి ఎనిమిది మూలల సంఖ్యలను 8 బైట్ల చొప్పున నిలవ చేయాలి. దాదాపు 100 కోట్ల గడులకు ఇవే 64 గిగాబైట్లు అవుతాయి. సగం గడులే మిగిలినా 32 గిగాబైట్లు కావాలి. బిందువుల స్థానాలు దీనికి అదనం. స్లైస్, కాంటూర్ వడపోతల ఫలితం ఉపరితలం మాత్రమే కనుక సాధారణంగా చాలా చిన్నది. అందుచేత పెద్ద ఫైళ్ళపై ముందుగా వీటిని వాడడం మేలు.

ఒక కంప్యూటరుకు మించిన దత్తాంశాలకు పారావ్యూను రెండు భాగాలుగా నడపవచ్చు. దత్తాంశం ఉన్న చోట సర్వరు భాగం అనేక ప్రాసెసర్లపై లెక్కలు చేస్తుంది. వాడుకరి బల్లపై ఉన్న కంప్యూటరులో అంతర్ముఖం మాత్రమే నడుస్తుంది. పైథాన్ భాషలో ఆదేశాలు రాసి, తెర అవసరం లేకుండా కూడా చిత్రాలను తయారు చేయవచ్చు. గణన జరుగుతుండగానే, ఫలితాలను డిస్కుపై రాయకముందే చిత్రించడానికి క్యాటలిస్ట్ అనే అనుబంధ గ్రంథాలయం ఉన్నది.

పనిని భద్రపరచడం

పారావ్యూలో మూడు రకాలుగా భద్రపరచవచ్చు. స్క్రీన్‌షాట్ ఆ క్షణపు చిత్రాన్ని మాత్రమే ఇస్తుంది. సేవ్ డేటా ఎన్నుకున్న దశలోని సంఖ్యలను ఫైలుగా రాస్తుంది. సేవ్ స్టేట్ మొత్తం గొలుసును, అందులోని అమరికలన్నిటినీ, రంగులను, చూసే కోణాన్ని భద్రపరుస్తుంది. స్టేట్ ఫైలులో దత్తాంశం ఉండదు, అది ఉన్న చోటు మాత్రమే ఉంటుంది. అందువలన దత్తాంశం ఫైలును వేరొక చోటికి మార్చితే తిరిగి తెరిచేటప్పుడు కొత్త చోటును చూపవలసి ఉంటుంది.

విద్యార్థులు చిత్రాన్ని మాత్రమే భద్రపరచి స్టేట్ ఫైలును వదిలివేయడం సాధారణంగా జరిగే పొరపాటు. చిత్రం ఏ విలువ వద్ద, ఏ రంగుల వ్యాప్తితో, ఏ వడపోతల తరువాత వచ్చిందో చిత్రంలో నమోదు కాదు. స్టేట్ ఫైలు ఉంటే ఇతరులు అదే చిత్రాన్ని తిరిగి రూపొందించి, అందులోని ఒక నిర్ణయాన్ని మార్చి చూసి, ఫలితం నిలుస్తుందో లేదో పరీక్షించగలరు.

ఇటువంటి ఇతర సాఫ్టువేరులు

అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో రూపొందిన విజిట్ కూడా వీటీకే ఆధారంగా పెద్ద దత్తాంశాలను చిత్రిస్తుంది. మాయావి అనే సాఫ్టువేరును ప్రభు రామచంద్రన్ 2001లో పరిచయం చేశాడు. ఆయన తరువాత ఐఐటీ బొంబాయి వైమానిక ఇంజనీరింగు విభాగంలో ఆచార్యుడయ్యాడు. మాయావి పైథాన్ భాష నుండి వీటీకేను సులభంగా వాడుకునే వీలు కల్పిస్తుంది. ద్విమితీయ రేఖాచిత్రాలు మాత్రమే కావలసిన వారికి 1986 నుండి ఉన్న గ్నూప్లాట్, లేదా పైథాన్‌లోని మ్యాట్‌ప్లాట్‌లిబ్ సరిపోతాయి. ఘనపరిమాణంలో మార్పు, ప్రవాహ దిశ, సంక్లిష్ట ఆకారం వంటివి పరిశీలించవలసి వచ్చినప్పుడు పారావ్యూ వంటి సాఫ్టువేరు అవసరమవుతుంది.

ఇవి కూడా చూడండి

* వీటీకే
* మార్చింగ్ క్యూబ్స్
* అంతర్వేశనం
* సమోన్నత రేఖలు
* గ్నూప్లాట్
* స్వేచ్ఛా సాఫ్టువేరు